సావిత్రి తిరుగు ప్రయాణము



దాంపత్యధర్మమును గూర్చి మాటలాడుకొను సభలలో సావిత్రీదేవి పేరు రాకుండుట అరుదు. మహాభారతమున అరణ్యపర్వములో మార్కండేయ మహర్షి ధర్మరాజునకు చెప్పిన ఈ కథను తెలుగువారికి ఎఱ్ఱాప్రెగడ అందించెను. నారదుని నోట భర్తకు ఏడాదియే ఆయువని విని, వెనుకాడక సత్యవంతుని వరించిన మహాసాధ్వి ఆమె. మూడు రాత్రుల వ్రతము పూని, నాలుగవనాడు భర్త వెంట అడవికి నడిచి, అతని శిరస్సును తన ఒడిలో ఉంచుకొని, వచ్చిన యమధర్మరాజు వెంట నడచి, ధర్మవాక్యములతో ఆయనను మెప్పించి వరములు పొందెను. సాధారణముగా మన ఇండ్లలో కథ ఇక్కడనే ముగియును. సత్యవంతుడు కన్ను తెఱచెను, సావిత్రి గెలిచెను. మనము హారతి కన్నుల కద్దుకొని ఇంటికి పోవుదుము.

కాని వ్యాసభగవానుడు ఇక్కడ ఆగలేదు. ప్రాణము తిరిగి వచ్చినను సత్యవంతుని దేహమునకు సత్తువ రాలేదు. చీకటి పడినది. చుట్టును అడవి. తాను నిదురించితినని మాత్రమే అతడనుకొనుచున్నాడు. నడచు శక్తి లేనిచో ఈ రాత్రి ఇచ్చటనే ఉందమని సావిత్రి అనెను. తల్లిదండ్రులు ఎదురు చూచుచుందురని అతడు తల్లడిల్లెను. అంతట ఆమె లేచి, జుట్టు ముడివైచుకొని, భర్తను చేతులతో లేవదీసెను. పండ్ల బుట్టను చెట్టుకొమ్మకు తగిలించి, గొడ్డలిని తాను పట్టుకొని, అతని చేతిని తన భుజముపై వేసికొని, మెల్లగా నడిపించుకొనుచు ఆశ్రమము చేర్చెను. జరిగిన దంతయు రేపు చెప్పెదననెను.

ప్రాణము దక్కించుకొనుట ఒక ఘట్టము. దక్కిన ప్రాణమును ఇల్లు చేర్చుట మరియొక ఘట్టము. మొదటిదానికి వరము కావలెను, రెండవదానికి భుజము కావలెను. ఈ రెండవ ఘట్టమును గూర్చియే నేడు మీతో మాటలాడదలచితిమి. మన భక్త కుటుంబములలో భర్తకో భార్యకో లుకేమియా అను రక్తకాన్సరు వచ్చి, నెలలు, సంవత్సరములు ఆసుపత్రికిని ఇంటికిని నడుమ నడచుచున్న దంపతులు కలరు. వారికి ఈ కథలోని తుదిభాగము చాల అవసరము.

ముందు ఆ వ్యాధి స్వభావమును తెలిసికొందము. మన ఎముకలలోని మూలుగ రక్తము పండు పొలము వంటిది. అందు మూడు పంటలు పండును. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయును. తెల్లకణములు సూక్ష్మక్రిములతో పోరాడును. ప్లేట్‌లెట్లు నెత్తురు కారకుండ గడ్డకట్టించును. లుకేమియాలో ఎదుగుదల లేని చెడు కణములు కలుపువలె అల్లుకొని ఈ మూడు పంటలను అణచివేయును. తీవ్రరకము వారములలోనే ముంచుకొని వచ్చును. నెమ్మదిగా పెరుగు రకములును కలవు. వానిలో ఒకటైన క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకు 2001 నుండి ఇమాటినిబ్ అను మాత్ర లభించుచున్నది. ఒకప్పుడు భయంకరమైన ఆ జబ్బును నేడు అనేకులు దినమునకొక మాత్రతో అదుపులో ఉంచుకొని తమ పనులు తాము చేసికొనుచున్నారు. కావున రక్తకాన్సరు అను మాట వినగానే ఆశ వదలుకొనుట అజ్ఞానము.

తీవ్రరకమునకు కీమోథెరపీ ఇచ్చెదరు. అది కలుపును తీయును, కాని దానితోపాటు పైరును కూడ దున్నివేయును. కొన్ని వారములు పొలము బోసిగా ఉండును. లక్షన్నరకు పైగా ఉండవలసిన ప్లేట్‌లెట్లు పదివేలకు పడిపోవచ్చును. క్రిములతో పోరాడు న్యూట్రోఫిల్ కణములు 500 కంటె తగ్గవచ్చును. ఈ బోసికాలమే మిక్కిలి ప్రమాదకరము. మందు పని చేసిన తరువాత, కలుపు కనబడని స్థితి వచ్చిన తరువాత కూడ చికిత్స ముగియదు. తీవ్ర లింఫోబ్లాస్టిక్ రకమునకు రెండు మూడు సంవత్సరములు చికిత్స సాగును. ప్రాణము దక్కినది, ఆశ్రమము ఇంకను దూరముననే ఉన్నది. సావిత్రి భుజము కావలసినది ఇప్పుడే.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్క పాదము లోపించినను మంచము నిలువదు. పరిచారకునికి నాలుగు గుణములు ఉండవలెనన్నది. అవి ఉపచారము తెలిసియుండుట, దక్షత, అనురాగము, శౌచము. ప్రేమ ఒక్కటియే చాలునని చరకుడు చెప్పలేదు. ప్రేమను నాలుగింటిలో ఒకటిగా చెప్పెను. ఇది మనము గమనింపదగినది.

మొదటిది ఉపచారము తెలియుట. లుకేమియా రోగి చెంతనుండు భర్తగాని భార్యగాని వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. ప్రమాదము చిహ్నములను మాత్రము గుర్తెరుగవలెను. వానిలో జ్వరము ప్రధానము. తెల్లకణములు లేని దినములలో 100.4 డిగ్రీల జ్వరము కనబడినను అది అత్యవసరమే. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరవలెను. ఆసుపత్రి చేరిన గంటలోపల యాంటీబయాటిక్ పడవలెనని వైద్యులు చెప్పుదురు. తెల్లవారనిమ్ము, అమావాస్య పోనిమ్ము, వర్జ్యము వెళ్ళనిమ్ము అని కూర్చుండరాదు. వైద్యునికి చెప్పకుండ జ్వరపు మాత్ర వేయరాదు. వేసినచో జ్వరము దాగును, లోని క్రిమి దాగదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్లు తగ్గినవారికి రక్తస్రావము కలిగించును. వీధి చివరి డాక్టరుగారిచే కండలోనికి సూదిమందు వేయించుట కూడ వలదు. చర్మముపై ఎఱ్ఱని చుక్కలు, చిగుళ్ళనుండి నెత్తురు, నల్లని విరేచనము, తీవ్రమైన తలనొప్పి, ఆయాసము, చలివణుకు కనబడిన వెంటనే తెలుపవలెను. ఒక నోటుపుస్తకములో జ్వరము, మందులు, రక్తపరీక్ష అంకెలు దినదినమును వ్రాసికొనుడు. సావిత్రి కూడ నారదుడు చెప్పిన నాటినుండి దినములు లెక్కించుచునే ఉండెను. ఆమె భక్తికి లెక్క అడ్డు రాలేదు.

రెండవది శౌచము. ఈ విషయమున మన భక్తుల ఇండ్లలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుచున్నవి. కావున కొంత నిష్ఠురముగానే చెప్పవలసియున్నది. రోగిని చూచుటకు పదిమంది బంధువులు వత్తురు. ఒకరు పూలదండ, ఒకరు తీర్థము, ఒకరు ఏ క్షేత్రమునుండియో తెచ్చిన ప్రసాదము, ఒకరు జలుబుతో ఉన్న పసిబిడ్డ. అందరిదియు ప్రేమయే. కాని తెల్లకణములు లేని దేహమునకు మరిగింపని నీరు, పచ్చిపాల పంచామృతము, నిలువ ఉన్న పులిహోర, తడిపూలలోని బూజు, తులసికోట మట్టి, ఇంటిలోని సున్నపు దుమ్ము అన్నియు ముప్పు తేగలవు. అగరుపొగ ఊపిరితిత్తులను బాధించును.

మనకు మడి యనగా తెలియును కదా! గర్భాలయమునకు అర్చకుడు స్నానము చేయక పోడు. మనము గడప ఇవతలనే నిలిచి దర్శించుకొందుము. అందువలన మన భక్తికి లోపము కలుగుచున్నదా? రోగి ఉన్న గదిని ఆ దినములలో గర్భాలయముగా భావింపుడు. లోనికి పోవు ఒకరిద్దరు సబ్బుతో చేతులు కడిగికొని, మాస్కు ధరించి పోవలెను. మిగిలినవారు గడప అవతలినుండియే కుశలమడుగవలెను. ప్రసాదమును ఇంటిలో మరియొకరు కన్నుల కద్దుకొని స్వీకరించినచో రోగి స్వీకరించినట్లే. రోగికి ఇంటిలో అప్పుడే వండిన వేడి అన్నము, బాగుగా ఉడికిన కూర, మరిగించి చల్లార్చిన నీరు ఇయ్యవలెను. గడపయొద్ద చుట్టములను ఆపవలసిన నిష్ఠురము భార్యపై పడును. ఆమెను పొగరుబోతని నిందింపకుడు. ఆమె ద్వారపాలక ధర్మము నిర్వర్తించుచున్నది.

మూడవది దక్షత, అనగా కావలసినదానిని కావలసిన వేళకు సమకూర్చు నేర్పు. యుద్ధభూమిలో లక్ష్మణుడు పడిపోయినప్పుడు ఓషధి పేరు చెప్పినవాడు సుషేణుడు, తెచ్చినవాడు హనుమంతుడు. ఓషధిని గుర్తింపలేక ఆయన పర్వతశిఖరమునే తెచ్చెను. నాకు తోచిన ఆకు తెత్తునని అనలేదు, రేపు పోవుదునని అనలేదు. వైద్యుడు చెప్పినదానిని వేళకు తెచ్చుటయే ఆయన సేవ. నేడు పసరుమందులు, భస్మములు, ఇరుగుపొరుగు చెప్పిన కషాయములు వైద్యునికి తెలుపకుండ ఇచ్చుట ఆంజనేయుని మార్గము కాదు. వానిలో కొన్ని కీమో మందులతో విరోధించి కాలేయమును దెబ్బతీయగలవు.

ఈ దక్షతలో బంధుమిత్రులకు గొప్ప పాత్ర కలదు. ప్లేట్‌లెట్లు సాధారణముగా ఐదు దినములకు మించి నిలువయుండవు. కావున ఒకనాడు ఇచ్చి మఱచు దాత కంటె, పిలిచినప్పుడెల్ల వచ్చు దాతల వరుస కావలెను. మరియొక సూక్ష్మము. మూలుగ మార్పిడి జరుగనున్న రోగికి రక్తసంబంధీకుల రక్తమును ఎక్కింపకుండుట మేలని వైద్యులు చెప్పుదురు. అన్నదమ్ముల మూలుగ అవసరము కావచ్చును కనుక వారి రక్తమును ముందే ఎక్కించినచో తరువాతి మార్పిడికి ఇబ్బంది కలుగవచ్చును. అనగా అప్పుడు ఆదుకొనవలసినది రక్తసంబంధము లేనివారి రక్తమే! వసుధైక కుటుంబమని మనము వేదికలపై పలుకు మాటకు ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనమేమి కావలెను?

ధనము సంగతి కూడ దక్షతలోనిదే. పొలము అమ్ముటకు ముందు, వడ్డీకి అప్పు చేయుటకు ముందు, ఆసుపత్రిలోని సహాయ విభాగమును అడుగుడు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకములు, తిరుమల తిరుపతి దేవస్థానమువారి ప్రాణదాన ట్రస్టు వంటివి పేదరోగుల కొఱకే ఏర్పడినవి. అడుగుట అవమానము కాదు.

నాలుగవది అనురాగము. సుఖదినములలో అనురాగము సులభము. ఈ వ్యాధిలో కొన్ని దినములు రోగి మనకు తెలిసిన మనిషివలె ఉండడు. చికిత్సలో ఇచ్చు స్టెరాయిడ్ మందులు నిద్రను చెఱచును, ఆకలిని పెంచును, కోపమును, కన్నీటిని తెచ్చును. ఇరువది యేండ్లలో పల్లెత్తి మాటనని భర్త పళ్ళెము తోసివేయవచ్చును. అది మందు మాట, మనిషి మాట కాదని గ్రహింపవలెను. వైద్యునికి మాత్రము తప్పక తెలుపవలెను. నోరంతయు పుండ్లు పడి మంచినీరు దిగని దినములు వచ్చును. అప్పుడు తినుమని బలవంతపెట్టుట కంటె, చల్లారిన మెత్తని జావ రెండు చెంచాలు గంట గంటకును ఇచ్చుట మేలు.

జుట్టు రాలును. స్త్రీకి ఇది గొప్ప దుఃఖము. తిరుమలలో కోరి సమర్పించు తలనీలములే ఇంటిలో సమర్పితమైనవని భర్త భావించి, ఆమె ముఖములోనికి మునుపటివలెనే చూచినచో ఆ దుఃఖము సగము తీరును. అయితే ప్లేట్‌లెట్లు తక్కువైన దినములలో మంగలికత్తి తగులనీయరాదు. గాటు పడినచో నెత్తురు ఆగదు. మొక్కును వైద్యుడు అనుమతించినప్పుడు తీర్చుకొనవచ్చును. స్వామికి తొందర లేదు.

రోగికి జబ్బు పేరు చెప్పవచ్చునా అని అనేకులు అడుగుచుందురు. మన ఇండ్లలో దాచుట అలవాటు. కాని రోగి తన బాధను దాచక చెప్పవలెనని చరకుడే అనెను. అతనికి ఏమియు చెప్పని మనము, అతడు మాత్రము మనకు అన్నియు చెప్పవలెనని ఎట్లు కోరుదుము? సావిత్రి అడవిలో, చీకటిలో, నీరసించిన భర్తకు అంతయు ఒక్కసారిగా చెప్పలేదు. అట్లని అబద్ధమును ఆడలేదు. రేపు చెప్పెదననెను, చెప్పెను. వేళను ఎంచుకొనుట వేఱు, వంచించుట వేఱు.

కొందరికి మూలుగ మార్పిడి అవసరమగును. మన దేశములో ఈ చికిత్స 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైనది. తోబుట్టువులలో ఒక్కొక్కరి మూలుగ పూర్తిగా సరిపడు అవకాశము నాలుగింట ఒక వంతు. నేడు సగము సరిపోలిన తల్లిదండ్రులనుండి, బిడ్డలనుండి కూడ స్వీకరించుచున్నారు. అర్ధాంగి మూలుగ మాత్రము సాధారణముగా సరిపోలదు. ఏడడుగులు నడిచినవారు ఇది ఒక్కటి ఇయ్యలేరు, మిగిలినవన్నియు వారే ఇయ్యవలెను. మార్పిడి తరువాత మొదటి 100 దినములు కంటికి రెప్పవలె కాచుకొనవలెను. క్రొత్తగా వచ్చిన కణములు ఒక్కొక్కప్పుడు అతిథిగా వచ్చి ఇంటివారితోనే కలహించినట్లు రోగి చర్మముపై, ప్రేగులపై, కాలేయముపై తిరుగబడును. దద్దురు, ఆగని విరేచనములు, కన్నులు పచ్చబడుట దాని చిహ్నములు. ఇల్లు చేరితిమి కదా అని అశ్రద్ధ చేయరాదు. చిన్ననాటి టీకాలు కూడ మరల వేయించుకొనవలసి వచ్చును. ఆ దేహము మరల బాల్యమునుండి మొదలిడినదన్నమాట.

ఒక సోదరి మమ్ము ఇట్లు అడిగినది: “ఆసుపత్రిలో భర్త చెంతనుండుటచే నా నిత్యపూజ మూడు నెలలుగా తప్పినది. దోషము కాదా?” ఆమెకు మేము చెప్పినది మీకును చెప్పుచున్నాము. గంట గంటకు జ్వరము చూచుట మీ జపము. నోరు కడిగించుట మీ అభిషేకము. మందు వేళ తప్పనీయకుండుట మీ త్రికాలసంధ్య. పూజ తప్పలేదు, పీఠము మారినది.

ఉపవాసములను గూర్చియు ఒక మాట. సావిత్రి ఉపవాసము మూడు రాత్రులు. లుకేమియా చికిత్స మూడు సంవత్సరములు ఉండవచ్చును. పరిచారకురాలు శోషించి పడిపోయినచో భుజము ఇచ్చువారెవరు? కావున వేళకు భుజింపుడు, వారమునకు రెండు రాత్రులైనను మరియొకరిని కూర్చుండబెట్టి నిదురింపుడు, ఏడుపు వచ్చినచో ఏడువుడు. సావిత్రి పండ్ల బుట్టను కొమ్మకు తగిలించి రాలేదా? మోయలేని బరువును కొన్నాళ్ళు కొమ్మకు తగిలించుట ఆమె నేర్పిన పాఠమే. పెండ్లి పిలుపులు, పండుగ పిండివంటలు, లోకుల మెప్పు, వీనిని రేపు తెచ్చుకొనవచ్చును.

ఇది స్త్రీధర్మము మాత్రమే అని పురుషులు తలంపరాదు. భార్యకు జబ్బు చేయగా ఆమెను పుట్టింటికి పంపి, ధనము మాత్రము పంపువారు కలరు. అర్ధనారీశ్వరుని కొలుచు మనకు సగము దేహము రోగమున పడినప్పుడు మిగిలిన సగము తప్పించుకొనుట ఎట్లు సాధ్యము? జావ కాచుట, గిన్నె కడుగుట, వాంతి ఎత్తుట పురుషునికి తక్కువతనము కాదు.

బంధువులకొక విన్నపము. రోగి మంచముచెంత కర్మఫలమను మాట పలుకకుడు. ఎవరి కర్మ ఏమిటో తూచు త్రాసు మన చేతికి ఈయబడలేదు. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదనుట మహాపాపము. లుకేమియా వచ్చినవారిలో చాలమందికి అది ఎందులకు వచ్చినదో నేటి వైద్యశాస్త్రమును చెప్పలేకున్నది. శాస్త్రము చెప్పలేనిదానిని మనము కోడలి నుదుట వ్రాయుట న్యాయమా?

ఇక చెప్పుటకు కష్టమైన మాట యొకటి కలదు. దానిని చెప్పకున్న ఈ ప్రవచనము అసత్యమగును. అన్ని సేవలు చేసినను, అన్ని మందులు పడినను, కొందరు సత్యవంతులు లేవరు. అప్పుడు లోకము సావిత్రి పేరు చెప్పి ఆ భార్యను పొడుచును. ఈమె వ్రతములో లోపమున్నదనును. సోదరులారా, సావిత్రి కథ ఆ విధముగా వాడుటకు పుట్టలేదు. యముడు వరమీయక ముందే ఆమె సావిత్రియే. భర్త శిరస్సును ఒడిలో ఉంచుకొన్న క్షణముననే ఆమె ధర్మము పూర్ణమైనది. వరము యముని చేతిలోనిది, నడక మాత్రమే ఆమె చేతిలోనిది. వైద్యులు ఇక బాధ తగ్గించుటయే మేలన్నప్పుడు, ఆ మాట విని, భర్తను ఇంటికి తెచ్చుకొని, చేయి పట్టుకొని కూర్చున్న భార్య ఓడినది కాదు. చివరి అడుగు వరకు నడిచినది. ఆమెను శుభకార్యములకు దూరముగా నిలుపువారు ధర్మమునకే దూరముగా నిలిచినవారు.

భక్తులారా! నేడు ఇల్లు చేరిన పిమ్మట మీ వీధిలో, మీ బంధువర్గములో ఇట్టి రోగపీడితుల ఇల్లున్నదేమో తలచుకొనుడు. ఉన్నచో ప్రసాదము పట్టుకొని గుంపుగా పోవకుడు. గడపయొద్ద నిలిచి, “ఈ రాత్రి ఆసుపత్రిలో మేము కూర్చుందుము, మీరు నిదురపొండు” అనుడు. ఆరోగ్యవంతులైన యువకులు రక్తము, ప్లేట్‌లెట్లు ఇచ్చుటకును, మూలుగ దాతలుగా పేరు నమోదు చేయించుకొనుటకును ముందుకు రండు. నేడు దాతనుండి చాలవరకు చేతి నరమునుండియే ఈ కణములను గ్రహించెదరు, దాతకు ఎముక నష్టము కలుగదు.

అడవిదారిలో చీకటివేళ ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని నడచుచున్న దంపతులందరికిని ఆ సర్వేశ్వరుడు ధైర్యమును, సరియైన వైద్యమును, తోడుగా నడచు బంధువులను ప్రసాదించుగాక!

స్వస్తి.